పాత రేటుకే బస్సు

ధర్మేందర్ ఇంట్లో కంచం ముట్టకపోవడం ఇది మూడో పూట.

తల్లి సాలమ్మ పొద్దున్నే వేసిపెట్టిన జొన్నరొట్టెలు అరుగు మీద అలాగే ఉన్నాయి. ఈగలు ముసరకుండా కోడలు బిందు వాటి మీద మూత పెట్టి లోపలికి పోయింది. తినమని మొగుణ్ణి అడగలేదు. ఎందుకు తినలేదనీ అనలేదు. ఆ పిల్ల కొన్నాళ్లుగా ఇంట్లో మాటలు పొదుపుగా వాడుతోంది.

వాకిట్లో ధర్మేందర్ తన సెవెన్ సీటర్ ఆటోకు బకెట్‌తో నీళ్లు కొడుతున్నాడు.

"పొద్దు పొడిచినకాంచి రెండుసార్లు కడిగినవురా," అన్నాడు వెంకటనర్సయ్య నులకమంచం మీద నుంచి. మిల్లులో బస్తాలు మోసి మోసి మోకాళ్లు పోగొట్టుకున్న మనిషి. మంచం దిగకుండానే ఇంటిని చూసుకుంటున్నాడు.

"నా బండి బాపూ. ఉన్నన్ని రోజులు కడుక్కుంట. రేపటిసంది ఉంటదో ఉండదో."

ఆ చివరి మాట తండ్రికి కాదు. సాలమ్మ విననట్టే చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

ఆ మధ్యాహ్నం మూడింటికి మున్సిపాలిటీ మీటింగు. ఇంటిపన్ను కొద్దిగా పెంచాలి, పెంచినదంతా బస్సు డిపోకు వచ్చే నష్టం కింద కట్టాలి, అందుకు బదులుగా యాప్రాల్ బస్సులో ఈమధ్య పెంచిన టికెట్టు పాత రేటుకే ఇవ్వాలి, తీసేసిన ట్రిప్పులు ఒకటో తారీఖు నుంచి మళ్లీ వెయ్యాలి. ఇదీ ప్రతిపాదన. ఆ కాగితం కింద సంతకం పెట్టింది వార్డు కౌన్సిలర్ సాలమ్మ. పద్దెనిమిదేళ్లు శామీర్‌పేట రైతుల దగ్గర పాలకూర, తోటకూర కొని, గంప నెత్తిన పెట్టుకుని, మొదటి బస్సులో సికింద్రాబాద్ మోండా మార్కెట్‌కు పోయిన మనిషి ఆమె. ఏడాదిన్నర కింద వార్డు ఆడవాళ్లకు రిజర్వయినప్పుడు, ఆ బస్సులో ఆమె పక్కన కూర్చున్నవాళ్లే ఆమెను నిలబెట్టి గెలిపించారు.

"అమ్మా, ఒక్క మాటడుగుత," అన్నాడు ధర్మేందర్ బకెట్ కింద పెట్టి. "బస్సు టికెట్టు అగ్గువైతె నా బండి ఎవలెక్కుతరు?"

"ఎక్కేటోల్లు ఎక్కుతరు."

"ఎవలు? ఒక్క పేరు చెప్పు."

సాలమ్మ రొట్టెల మీది మూత సరిచేసింది.

"గీ బండి నేను అడిగిన్నా నిన్ను? ఐటీఐ జేసి ఖాళీగ తిరుగుతున్నవని నువ్వే కొంటివి. చెవుల కమ్మలమ్మి కొంటివి. బస్సులు తగ్గినయి, జనం పరేషాన్ అయితున్నరు, నడుపుకో కొడుకా అంటివి. ఇప్పుడు నువ్వే బస్సు తెస్తనంటున్నవు. నేనేం గావాలె?"

"అప్పుడు బస్సులు మళ్ల వస్తయని నేననుకోలే."

"ఇప్పుడెందుకు తెస్తున్నవు మరి?"

"నువ్వొక్కనివే లేవు కద బిడ్డా వార్డుల."

"అవును. అందరున్నరు నీకు. నేనే లేను."

"ఇగ ఆపుండ్రి," అన్నాడు వెంకటనర్సయ్య. ఆపమన్నాడే గాని ఎవరి పక్షమూ మాట్లాడలేదు. రెండు రోజులుగా ఆయన ఆ ఒక్క మాటే అంటున్నాడు.

బిందు చెంబుతో మంచినీళ్లు తెచ్చి మామ మంచం దగ్గర పెట్టింది. ధర్మేందర్ ఆమె వైపు తిరిగాడు.

"నువ్వన్న చెప్పవేందే మీ అత్తకు."

"నన్నెవలన్న అడిగిన్రా?"

"నేనడుగుతున్న గద ఇప్పుడు."

బిందు అతని మొహంలోకి ఒక క్షణం చూసింది. ఖాళీ బకెట్ తీసుకుని బావి వైపు నడిచింది.

ఆరు నెలల కింద బిందు సికింద్రాబాద్‌లో ఒక దవాఖానలో ఆయాగా కుదిరింది. ఆరింటికల్లా డ్యూటీలో ఉండాలి. చేరిన నెలలోనే మొదటి బస్సు తీసేశారు. సెవెన్ సీటర్ కనీసం పది మంది ఎక్కితే గాని స్టాండు కదలదు. అయిదింటికి పది మంది ఎక్కడ దొరుకుతారు? ధర్మేందర్ నాలుగు రోజులు ఆమె ఒక్కతెను తీసుకుపోయి దింపాడు. అయిదో రోజు లేవలేదు. బిందు ఒక్కతే అమ్ముగూడ రైలు గేటు దాకా నడిచింది. అక్కడా ఏ బండీ దొరకలేదు. ఆ వారంలోనే ఇంకొకరిని పెట్టుకున్నారు దవాఖానవాళ్లు. ఆ సంగతి మీద ఇంట్లో గొడవేమీ జరగలేదు. జరిగి ఉంటే బాగుండేదని సాలమ్మకు చాలాసార్లు అనిపించింది.

పదింటికి చక్రపాణి వచ్చాడు. పైన కొత్త కాలనీ సంఘానికి కార్యదర్శి. తాడేపల్లిగూడెం మనిషి. ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరై, ఇక్కడ స్థలం కొని ఇల్లు కట్టుకున్నాడు. స్కూటర్ వాకిలి బయటే ఆపి, చెప్పులు విడిచి, అరుగు అంచున కూర్చున్నాడు. చేతిలో సంతకాల కాగితాలు.

"సాలమ్మ గారూ, మీ మీద మాకేం కోపం లేదండి. ముందది చెప్పాలి."

"కోపమెందుకు సార్. చెప్పుండ్రి."

"మా కాలనీలో నూట పది ఇళ్లు. బస్సెక్కేవాళ్లు పట్టుమని పదిమంది లేరు. ఎవరి బండి వాళ్లకుంది. పెట్రోలు మేం పోసుకుంటున్నాం. మరి వేరేవాళ్ల టికెట్టు కూడా మేమే ఎందుకు కట్టాలండి? ఎక్కేవాడు కట్టాలి, అది న్యాయం."

"మీ అమ్మాయి ధరణి ఎక్కుతది గద సార్. కాలేజికి, బస్సు పాసు మీద."

"పాసు ఉంది దానికి."

"ఆ పాసు పైసలు మొత్తం మీరే కడ్తున్నరా?"

చక్రపాణి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "లేదు. సగానికి పైగా సర్కారు భరిస్తుంది. కాని అది చదువండి. చదువు వేరు."

"మా బుచ్చమ్మది పని సార్. అరవై ఏండ్లొచ్చినయి. దవాఖానల ఊడుస్తది. పోనుపోను టికెట్లకే జీతం ఒడుస్తాందని తిరుమలగిరి దాంక నడుస్తాంది. ఆడికెల్లి ఎక్కితె రెండు స్టేజీలు తగ్గుతయి గద. రోజూ గట్లనే నడుస్తాంది."

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. తరువాత గొంతు తగ్గించి అన్నాడు.

"కాదనను. కాని ఇదొకటి వినండి. మూడేళ్ల నుంచి మా వీధిలో మురుగు కాలువ అడుగుతున్నాం. పన్ను ఒక్క వాయిదా కూడా ఆలస్యం చెయ్యలేదు మేం. వర్షం పడితే మా ఆవిడ గుమ్మంలో ఇటుకలు వేసుకుని నడుస్తుంది. ఆ మురుగు పల్లానికి జారి ఎక్కడికొస్తోంది? మీ బస్తీలోకే కదండీ? పన్ను పెంచితే పెంచారు, ముందు ఆ కాలువ వెయ్యండి. బస్సు సంగతి తరవాత చూద్దాం."

పోయిన వానాకాలం ఆ నీళ్లు ఆమె వాకిట్లోకే వచ్చాయి. కాలువ కోసం కూడా ఆమె రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ వచ్చే ఏడాది చూద్దామన్నారు.

"నేను రెండూ అడుగుత సార్," అంది చివరికి.

"రెండూ ఇవ్వరు. మీకూ తెలుసు." చక్రపాణి కాగితాలు అరుగు మీద పెట్టి లేచాడు. "మీటింగులో ఇవి ఉన్నాయని ఒక్క మాట చెప్పండి చాలు."

ఆయన స్కూటర్ మలుపు తిరిగాక ధర్మేందర్ నవ్వాడు. ఆ నవ్వులో సంతోషం లేదు.

"సూసినవా? ఇంట్ల నేనొద్దంటున్న, పైన వాల్లొద్దంటున్నరు. ఎవరి కోసం చేస్తున్నవే అమ్మా నువ్వు?"

సాలమ్మ కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది.

రెండింటికి బస్టాపుకు వెళ్లేసరికి ఒంటిగంటన్నర బస్సు రానేలేదన్నారు. స్టాండులో మూడు ఆటోలు ఉన్నాయి. నిన్నటిదాకా ఆమెను చూడగానే "సాలమ్మత్తా, రా, కూసో" అని సీటు దులిపిన పిలగాండ్లు మొహాలు తిప్పుకున్నారు. ఒకడు రేడియో గొంతు పెంచాడు.

బుచ్చమ్మ అప్పుడే కొంగు నెత్తి మీద వేసుకుని వస్తోంది. ఆ వారం ఆమెది మధ్యాహ్నం డ్యూటీ. ఎండలో కూడా నడకే. "రైలు గేటు దాంక నేను కూడ వస్త పా," అని సాలమ్మ ఆమెతో కలిసి నడిచింది.

బుచ్చమ్మ కుడికాలు కాస్త ఈడుస్తోంది. ఏమైందంటే మడమ పగిలిందంది. మిలిటరీ క్యాంపు గోడ పక్కన కొంచెం నీడ ఉంటే అందులో నిలబడి ఊపిరి పీల్చుకుని, మళ్లీ నడిచింది.

"సాలమ్మా, నువ్వు గింత కష్టపడకే," అంది ఉన్నట్టుండి. "నీ కొడుకు తిండి తింటలేడట గద. బస్తీల అందరికి ఎరుకైంది. నా నడక నేను నడుస్త. నా కోసం నీ ఇల్లు ఆగం జేసుకోకు."

"నీ ఒక్కదాని కోసమైతె ఎప్పుడో ఊకుందును."

వెనక నుంచి ఆటో వచ్చి వాళ్లను దాటి పది గజాల ముందు ఆగింది. ధర్మేందర్ బండి. లోపల కిక్కిరిసి ఉన్నారు. అతను వెనక్కి చూడకుండానే అన్నాడు.

"ఎక్కుండ్రి."

"బుచ్చమ్మ ఉంది," అంది సాలమ్మ.

"కనబడుతాంది. ఇద్దరెక్కుండ్రి."

"నా తాన పైసల్లేవు బిడ్డా," అంది బుచ్చమ్మ.

"అడిగిన్నా నేను?"

ముసలమ్మను లోపల ఒకరి ఒళ్లో సగం కూర్చోబెట్టారు. సాలమ్మ కొడుకు పక్కన చెక్క మీద ఒరిగింది. అంత దగ్గరగా కూర్చుని చాలా రోజులైంది. అతని గడ్డం పెరిగింది. బుగ్గలు లోపలికి పోయాయి. బయట హోటల్లో ఏం తింటున్నాడో అడగాలనుకుంది. గేటు దాటాక ఒక్కొక్కరే దిగిపోయారు. బుచ్చమ్మను తిరుమలగిరి దాకా తీసుకుపోయి దింపి, మున్సిపల్ ఆఫీసుకు బండి వెనక్కి తిప్పాడు.

ఆఫీసు ముందు ఇంజను ఆపేశాడు. సాలమ్మ దిగబోతుంటే ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"అమ్మా. చెయ్యి లేపకు. ఇంకేమడగ నిన్ను."

పొద్దుటి గొంతు కాదది. సాలమ్మకు ఏడుపు వచ్చినంత పనైంది.

"చూస్త బిడ్డా," అంది.

ఆ మాట నోట్లోంచి వస్తుండగానే అది అబద్ధమని ఆమెకు తెలుసు. కొడుకు మాత్రం నమ్మినట్టు చెయ్యి వదిలేశాడు.

హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఇరవై ఇద్దరు కౌన్సిలర్లు వచ్చారు. ఛైర్మన్ యజ్ఞనారాయణ మధ్యలో కూర్చున్నాడు. క్లర్కు హేమచంద్ డిపో నుంచి వచ్చిన ఉత్తరం చదవడం మొదలుపెట్టాడు. ఎన్ని ట్రిప్పులు, ఏ వేళకు, ఏ స్టేజికి ఎంత టికెట్టు. మొదటి బస్సు పొద్దున నాలుగున్నరకు అన్నాడు. సాలమ్మ ఆ వేళను మనసులో రెండుసార్లు అనుకుంది.

హేమచంద్ పేజీ తిప్పాడు.

"బస్సు నడిచే దారిలో ఏడు సీట్ల ఆటోలు ప్రయాణికులను ఎక్కించుకోకుండా పురపాలక సంఘం చర్యలు తీసుకోవాలి. ఈ షరతు అమలు కాని పక్షంలో పాత రేటు వర్తించదు."

"ఆగు బిడ్డా," అంది సాలమ్మ. "ఆ ముక్క మళ్ల చదువు."

చదివాడు.

"గిది నేను సంతకం పెట్టిన కాయితంల లేదు."

"లేదు మేడం. మీది మన ప్రతిపాదన. ఇది డిపోవాళ్ల జవాబు. నిన్న సాయంత్రం వచ్చింది."

"నాకు చూపెట్టలే."

"ఇవాళ ఎట్లాగూ చదువుతాం కదా అని..." హేమచంద్ ఛైర్మన్ వైపు చూశాడు.

"ఆ ఒక్కటి కొట్టెయ్యరాదా?" అంది సాలమ్మ. "టికెట్టు అగ్గువైతె జనమే బస్సెక్కుతరు. ఆటోలను ఎల్లగొట్టుడెందుకు?"

యజ్ఞనారాయణ తొందరపడే మనిషి కాదు. బల్ల మీద చేతులు ఆన్చి నిదానంగా చెప్పాడు. "నేనూ అడిగిన సాలమ్మక్కా ఫోన్ల. వాల్లది ఒక్కటే మాట. బస్సు వచ్చే అయిదు నిమిషాల ముందు ఆటోలు జనాన్ని ఊడ్చుకపోతె, బస్సు ఖాళీగ పోతది. అప్పుడు మనం కట్టే పన్ను గాలిల కలుస్తది. అది కూడ నిజమే గద. మొత్తం ఒప్పుకుంటె ఒకటో తారీఖు నుంచి బస్సులు. లేకుంటె లేదు. ప్రతిపాదన నీది. వాపస్ తీసుకుంటవా, ఓటుకు పెట్టాల్నా?"

అందరూ ఆమె వైపు చూశారు. సెవెన్ సీటర్ ఎవరి కొడుకు నడుపుతాడో హాల్లో తెలియనివాళ్లు లేరు.

చక్రపాణి కాగితాలు సంచిలో ఉన్నాయని గుర్తొచ్చి తీసి బల్ల మీద పెట్టింది. "పై కాలనోల్లు వద్దంటున్నరు. మోరీ గావాలంటున్నరు. వాల్లది కూడ న్యాయమే. గిది రాసుకోండ్రి," అంది.

వాపస్ తీసుకోవచ్చు. తీసుకుంటే ఇంటికి పోయి కొడుకు ముందు కంచం పెట్టవచ్చు. వచ్చే ఏడాది మళ్లీ అడగవచ్చు. వచ్చే ఏటికి బుచ్చమ్మ కాలు ఎట్లా ఉంటుందో తెలియదు. కోడలు ఈ ఆరు నెలల్లో మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. స్టాండులో ముప్పై బండ్లున్నాయి. ముప్పై ఇళ్లున్నాయి. ఎటు చూసినా ఎవరో ఒకరి ఇంటి పొయ్యి కనిపిస్తోంది. పద్దెనిమిదేళ్లు గంప మోసినప్పుడు కూడా ఇంత అలసట ఆమె ఎరగదు.

"పెట్టుండ్రి ఓటుకు," అంది.

చేతులు లేచాయి. ఆమె చెయ్యి అందరికంటే వెనక లేచింది. పన్నెండు మంది కావాలన్నారు, పది మంది వద్దన్నారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, ఆమె మొహం చూసి మానేశారు.

"ఆటో పిల్లలకు ఏదన్న దారి చూపాలె," అంది సాలమ్మ కూర్చోకుండానే. "లోపటి కాలనీలకెల్లి బస్టాపు దాంకనన్న నడుపుకోనియ్యుండ్రి. అది కూడ తీర్మానంల రాయుండ్రి."

"రాసుకో హేమచంద్," అన్నాడు యజ్ఞనారాయణ.

హేమచంద్ పెన్ను పక్కన పెట్టి, పెన్సిల్‌తో కాగితం అంచున ఏదో రాసుకున్నాడు.

బయట ధర్మేందర్ బండి లేదు. ఆమె బస్సులోనే, పెంచిన రేటుకే టికెట్టు కొని, నిలబడి ఇంటికి వచ్చింది.

దీపాలు పెట్టే వేళకు వాకిట్లో అడుగుపెడితే ఆటో అక్కడే ఉంది. ధర్మేందర్ గడప మీద కూర్చుని ఉన్నాడు. కబురు ఆమెకంటే ముందే వచ్చేసింది. ఆమె చెప్పులు విడిచే దాకా ఆగి అడిగాడు.

"ఒక్కటే చెప్పు. ఆటోలు బంద్ అని రాసిన ముక్క నీకు ఎరుకేనా?"

"దానికేం ఎరుక?" వెంకటనర్సయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. రెండు రోజుల్లో ఆయన మొదటిసారి నోరు పెద్దగా విప్పాడు. "నిన్న వచ్చిందట ఆ కాయితం. చదువురాని మనిషి. వాల్లే మోసం జేసిన్రు. గంతేనా సాలమ్మా?"

ముసలాయన తనకు దారి చూపిస్తున్నాడు. అవునంటే చాలు. కొడుకు కూడా ఆ మాట కోసమే చూస్తున్నాడు. అవునంటే లేచి కాళ్లు కడుక్కుని అన్నానికి కూర్చుంటాడు.

"పొద్దుగాల ఎరుక లేదు," అంది సాలమ్మ. "చెయ్యి లేపేటప్పుడు ఎరుకే."

వెంకటనర్సయ్య మళ్లీ పడుకుని గోడ వైపు తిరిగాడు.

ధర్మేందర్ లేచి మాట్లాడినప్పుడు గొంతు మామూలుగానే ఉంది. అదే సాలమ్మను భయపెట్టింది.

"ఒకటో తారీఖు ఫస్ట్ బస్సు మా స్టాండు దాటదు. ముప్పై బండ్లు రోడ్డుకు అడ్డం బెడుతున్నం. అందరి కంటె ముందల నాదే. పోలీసోల్లను పిలుస్తవో, నువ్వే వస్తవో నీ ఇష్టం. కౌన్సిలర్‌వు గద."

"ఎన్ని గంటలకు?"

అడిగింది బిందు. ఎప్పుడు వచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది.

"నీకెందుకు?"

"అడుగుతున్న, చెప్పు."

"నాలుగున్నరకు. బస్సు కదలకముందే."

"నేను ఆ బస్సుల ఉంట," అంది బిందు. "మీరు మీటింగుకు పోయినంక ఎస్టీడీ బూతుకు పోయి దవాఖానకు ఫోన్ జేసిన. కొత్తామె మానేసిందట. బస్సొస్తది, ఒకటో తారీఖు ఆరింటికి వస్తనని చెప్పిన. రమ్మన్నరు."

ఓటు పడకముందే బస్సు వస్తుందని ఆమె మాట ఇచ్చేసింది. సాలమ్మ కోడలి వైపు చూసింది. బిందు అత్త వైపు చూడలేదు. మొగుణ్ణే చూస్తోంది.

"నేను దాంట్ల కూసున్నంక కూడ అడ్డం బెడ్తవా?"

గొంతు పెంచలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

ధర్మేందర్ ఆమెను దాటుకుని వాకిట్లోకి దిగాడు. బండెక్కి కూర్చున్నాడు. ఇంజను మొదలైన చప్పుడు వినిపించింది. గోడ వైపు తిరిగిన వెంకటనర్సయ్య కూడా తల ఎత్తాడు.

బండి ముందుకు పోలేదు. ఇంజను అలా నడుస్తూనే ఉంది. లోపల ముగ్గురూ ఆ చప్పుడు వింటూ ఉన్నచోటే ఉండిపోయారు.